ఒకే చెరువు – పలు తూములు

ఉద్దేశం

పరిమితమైన వనరును వివేకంతో పంచుకొని వాడుకోవడం కరవు సీమ ప్రజలకు తరతరాలుగా అలవడిన విద్య. ఆ విద్య ఆధునిక యంత్రాల వినియోగంలోనూ ఉపకరిస్తుందని తెలియజేయడం, ఒకే కంప్యూటరులో ఒకటికి మించిన లినక్స్ వ్యవస్థలను నెలకొల్పే పద్ధతిని, అందులోని జాగ్రత్తలను వివరించడం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాతృభాషకు చేస్తున్న సేవను పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పశ్చిమ కనుమలను దాటి వచ్చే నైరుతి మేఘం దక్కను పీఠభూమిని చేరే వేళకు తన బరువులో అధికభాగాన్ని దించుకొని వస్తుంది. అందువల్లనే అనంతపురం సీమలో సంవత్సరానికి కురిసే సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లకు మించదు. ఆ కొద్ది వాన కూడా వేళకు రాదు. ఇటువంటి నేలలో మనుగడ సాగించాలంటే పడిన చినుకును నిలుపుకోవాలి. నిలుపుకొన్న నీటిని పంచుకోవాలి. విజయనగర తొలి రాజుల కాలంలో చిక్కప్ప ఒడయారు అనే మంత్రి ఇక్కడ చెరువు కట్టించాడని, ఆ చెరువును ఆనుకొని వెలసిన ఊరే అనంతపురమని ప్రతీతి.

చెరువు ఒక్కటే. కాని దాని కట్టకు తూములు అనేకం. ఒక్కొక్క తూము కింద ఒక్కొక్క ఆయకట్టు. ఏ తూమును ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి నీరు ఎంతసేపు పారాలో నిర్ణయించడానికి గ్రామంలో నీరుగంటి ఉండేవాడు. అతడు చెరువుకు యజమాని కాడు. పొలానికి యజమాని కాడు. వంతు తప్పకుండా నీరు నడిపించడమే అతని ధర్మం. ఒకే కంప్యూటరులో పలు వ్యవస్థలను నడిపే విధానం తెలుసుకోవాలనుకొనే విద్యార్థి ఈ చెరువును, ఈ తూములను, ఈ నీరుగంటిని మనస్సులో నిలుపుకొంటే చాలు. మిగిలినదంతా సులభంగా బోధపడుతుంది.

కంప్యూటరు అనేది లోహపు పెట్టె. దానికి ప్రాణం పోసేది నిర్వహణ వ్యవస్థ. దీనినే ఆపరేటింగ్ సిస్టం అంటారు. మీట నొక్కితే అక్షరం తెరపై కనిపించాలన్నా, రాసిన వ్యాసం డిస్కులో భద్రం కావాలన్నా, ముద్రణ యంత్రం కదలాలన్నా ఈ వ్యవస్థ ఆజ్ఞ కావలసిందే. కొన్ని వ్యవస్థలను వెల ఇచ్చి కొనాలి. వాటి అంతర్నిర్మాణాన్ని చూడడానికి గాని, మార్చడానికి గాని, ప్రతులు తీసి ఇతరులకు ఇవ్వడానికి గాని వాటి యజమానులు అనుమతించరు. ఈ పద్ధతి విద్యావ్యాప్తికి అవరోధమని భావించిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. వాడుకొనే స్వేచ్ఛ, పరిశీలించి మార్చుకొనే స్వేచ్ఛ, ప్రతులు పంచే స్వేచ్ఛ, మెరుగుపరచిన రూపాన్ని లోకానికి ఇచ్చే స్వేచ్ఛ – ఈ నాలుగు స్వేచ్ఛలు ఆ ఉద్యమానికి నాలుగు స్తంభాలు.

1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఒక కెర్నెల్‌ను రచించి ప్రకటించాడు. కెర్నెల్ అంటే వ్యవస్థకు గుండెకాయ వంటి మూలభాగం. అదే లినక్స్. ఈ కెర్నెల్‌కు గ్నూ పరికరాలను, కార్యక్షేత్రాన్ని, అనువర్తనాలను జోడించి వినియోగానికి అనువుగా కూర్చిన సంపుటిని ‘పంపిణీ’ అంటారు. డెబియన్ 1993లో, ఫెడోరా 2003లో, ఉబుంటు 2004లో వెలువడ్డాయి. ఒకే వేరుశనగ విత్తనంతో ఒక ఇంట ఉండలు, మరొక ఇంట పొడి, వేరొక ఇంట నూనె తయారైనట్లు ఒకే కెర్నెల్ నుండి రుచిభేదం గల అనేక పంపిణీలు పుట్టాయి.

ఈ ఉద్యమంలో తెలుగువారి పాలు కూడా ఉన్నది. తెలుగులో పలికే లినక్స్ పంపిణీని 2005లో ‘స్వేచ్ఛ’ వెలువరించింది. ఆ పేరే ఆ సంస్థకూ పేరైంది. చెన్నైలోని సీ-డాక్ కేంద్రం 2007లో వెలువరించిన ‘బాస్’ అనే పంపిణీ డెబియన్ ఆధారంగా రూపొంది, తెలుగుతో సహా పలు భారతీయ భాషలకు చోటిచ్చింది. ఇంగ్లీషు రానివారికి కంప్యూటరు అంటరానిది కాకూడదన్నదే ఈ ప్రయత్నాల పరమార్థం.

అయితే, ఒక వ్యవస్థ ఉండగా మరొకటి ఎందుకు? ఈ ప్రశ్నకు అనంతపురం రైతు వద్ద సమాధానం ఉన్నది. అతడు చేనంతా వేరుశనగ విత్తడు. కొన్ని సాళ్ల వేరుశనగకు ఒక సాలు చొప్పున కందిని విత్తుతాడు. ఊడలు దిగే వేళ వాన మొగం చాటేస్తే వేరుశనగ ఎండవచ్చు. లోతుగా వేరూనే కంది వెనుకటి వానలకు కోలుకొని ఎంతో కొంత చేతికందిస్తుంది. అట్లే ఒక పంపిణీలో నవీకరణ జరిగినప్పుడు ఏదో లోపం దొరలి అది తెరుచుకోకపోతే, పక్కనున్న రెండవ పంపిణీలో ప్రవేశించి అక్కడి నుండి మొదటిదానిని చక్కదిద్దవచ్చు. కనీసం అందులోని రాతలను బయటకు తీసుకొనవచ్చు. నిత్యకృత్యాలకు స్థిరమైన పంపిణీని, కొత్త విషయాల అభ్యాసానికి వేగంగా మారే పంపిణీని వేర్వేరుగా ఉంచుకోవడం మరొక ప్రయోజనం. ఒక యంత్రంతోనే కాలం గడపవలసిన ఇంట ఇది విలాసం కాదు, మెలకువ.

ఈ ఉపమానానికి ఒక హద్దు ఉన్నది. కంది, వేరుశనగ ఒకే కాలంలో పెరుగుతాయి. ఒకే యంత్రంలోని రెండు వ్యవస్థలు మాత్రం ఒకేసారి నడవవు. ఒకటి మేలుకొన్నప్పుడు రెండవది నిద్రిస్తూ ఉంటుంది. అందువల్ల నడిచే వ్యవస్థకు యంత్రంలోని జ్ఞాపకశక్తి అంతా దక్కుతుంది. ఒక వ్యవస్థ లోపల మరొకదానిని నడిపే వర్చువల్ మెషీన్ పద్ధతి కూడా ఉన్నది. కాని అది రెండింటికీ జ్ఞాపకశక్తిని పంచి ఇవ్వవలసి ఉంటుంది. రెండు గిగాబైట్ల జ్ఞాపకశక్తితో నడిచే పాత యంత్రానికి అది మోయలేని బరువు.

రెండు వ్యవస్థలు ఒకే హార్డ్ డిస్కులో ఇమడాలంటే పొలానికి గట్లు వేసినట్లు డిస్కుకు హద్దులు వేయాలి. ఈ భాగాలను పార్టిషన్లు అంటారు. ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిపే పట్టిక డిస్కు మొదట ఉంటుంది. పాత పద్ధతి అయిన ఎంబీఆర్‌లో ఈ పట్టిక 512 బైట్ల చిన్న అరలో ఇమిడి ఉండేది. అందులో 446 బైట్లు యంత్రాన్ని మేల్కొలిపే ఆజ్ఞలకు, 64 బైట్లు పట్టికకు, 2 బైట్లు గుర్తుకు కేటాయింపు. ఒక్కొక్క భాగం వివరానికి 16 బైట్లు కావాలి కనుక నాలుగు ప్రధాన భాగాలకు మించి చోటు లేదు. అంతకు మించి కావలసినవారు ఒకదానిని విస్తరించి, దానిలో ఉపభాగాలను కల్పించుకొనేవారు. తరువాత వచ్చిన జీపీటీ పద్ధతి సాధారణంగా 128 భాగాల వరకు చోటిస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. ఇంట ఉన్న పాత యంత్రంలో 320 గిగాబైట్ల డిస్కు ఉన్నదనుకొందాం. తయారీదారు వేయి చొప్పున లెక్కిస్తాడు. కంప్యూటరులోని పలు పరికరాలు 1024 చొప్పున లెక్కిస్తాయి. అందుచేత వాటి తెరపై సుమారు 298 మాత్రమే కనిపిస్తుంది. ఇది మోసం కాదు, కొలమానాల భేదం. ఈ 298లో 1 భాగం యంత్రాన్ని మేల్కొలిపే దస్త్రాలకు, 40 మొదటి పంపిణీకి, 40 రెండవ పంపిణీకి, 4 స్వాప్ విభాగానికి కేటాయిస్తే 213 మిగులుతుంది. ఆ మిగిలినది పాఠాలకు, చిత్రాలకు, పాటలకు ఉమ్మడి గాదె. స్వాప్ అంటే జ్ఞాపకశక్తి చాలనప్పుడు ఆదుకొనే విడిది. ఒకేసారి ఒక వ్యవస్థే నడుస్తుంది కాబట్టి ఈ విడిదిని రెండూ పంచుకొనవచ్చు. అయితే ఒకదానిని హైబర్నేట్ స్థితిలో, అనగా పనిని మధ్యలో ఆపి నిద్రపుచ్చిన స్థితిలో ఉంచి, రెండవదానిని తెరవరాదు. అట్లు చేస్తే మొదటిది విడిదిలో దాచుకొన్న స్థితి చెరిగిపోవచ్చు. ఉమ్మడి గాదెలోని రాతలు సైతం చెడవచ్చు.

మరొక పొరపాటు కూడా తరచు జరుగుతుంది. రెండు పంపిణీలకు ‘హోమ్’ విభాగం ఒక్కటే ఉంటే మేలని తోస్తుంది. కాని ఆ విభాగంలో విద్యార్థి రాతలే కాక, ప్రతి అనువర్తనమూ తన అమరికలను రహస్యంగా దాచుకొంటుంది. కొత్త సంచిక రాసిన అమరిక పాత సంచికకు అర్థం కాక చిక్కులు వస్తాయి. తోడికోడళ్లకు పొలం ఉమ్మడిగా ఉండవచ్చు గాని పొయ్యి వేరుగా ఉంటేనే ఇల్లు సుఖంగా ఉంటుంది. కనుక హోమ్ విభాగాలను వేరుగా ఉంచి, రాతలను మాత్రం ఉమ్మడి గాదెలో పెట్టుకోవడం ఉత్తమం.

ఇక నీరుగంటి సంగతి. విద్యుత్తు అందగానే మొదట యంత్రంలోని ఫర్మ్‌వేర్ మేలుకొంటుంది. అది బూట్ లోడర్ అనే చిన్న కార్యక్రమాన్ని పిలుస్తుంది. లినక్స్ లోకంలో అధికంగా వాడుకలో ఉన్న బూట్ లోడర్ పేరు గ్రబ్. అది తెరపై వ్యవస్థల పట్టికను చూపి, ‘నేడు ఏ తూము ఎత్తమంటారు?’ అని అడిగినట్లుగా కొన్ని క్షణాలు వేచి ఉంటుంది. ఎన్నుకొన్న వ్యవస్థ కెర్నెల్‌ను జ్ఞాపకశక్తిలోకి నడిపించి తాను తప్పుకొంటుంది.

రెండవ పంపిణీని నెలకొల్పినప్పుడు అది తన గ్రబ్‌ను కూడా వెంట తెచ్చుకొంటుంది. పాత పద్ధతి యంత్రాలలో చివర వచ్చిన నీరుగంటి మొదటివానిని లేపి కట్టపై తాను కూర్చుంటాడు. యూఈఎఫ్ఐ పద్ధతి యంత్రాలలో మాత్రం ఇద్దరికీ వేర్వేరు అరలు ఉంటాయి. ఎవరిని ముందు పిలవాలన్న వరుసను ఫర్మ్‌వేర్ దాచుకొంటుంది. రెండవ పంపిణీ స్థాపన ముగియగానే మొదటిది పట్టికలో కనిపించక ఎందరో విద్యార్థులు బెంబేలెత్తుతారు. తూము మూతపడినంత మాత్రాన మడి మాయం కాదు. ఇతర వ్యవస్థలను వెదికి పట్టికలో చేర్చే ఓఎస్-ప్రోబర్ అనే పరికరాన్ని 2021లో వచ్చిన గ్రబ్ 2.06 సంచిక నుండి భద్రతా కారణాలచేత అప్రమేయంగా నిలిపివేశారు. అమరికల దస్త్రంలో దానికి అనుమతి ఇచ్చి, పట్టికను తిరిగి తయారు చేయిస్తే మొదటి వ్యవస్థ యథాస్థానంలో కనిపిస్తుంది. నిద్రలో ఉన్న పంపిణీ తన వంతు వచ్చినప్పుడు కొత్త కెర్నెల్‌ను తెచ్చుకొంటే, ఆ వార్త రెండవదాని గ్రబ్‌కు దానంతట అది తెలియదు. అప్పుడు కూడా పట్టికను పునర్నిర్మించాలి.

స్థాపనకు ముందు పాటించవలసిన క్రమం ఇది. మొదట, పోగొట్టుకోలేని ప్రతి రాతకు వేరొక పరికరంలో ప్రతి తీయాలి. తీసిన ప్రతి తెరుచుకొంటున్నదో లేదో చూడాలి. రెండవది, దిగుమతి చేసుకొన్న పంపిణీ ప్రతి దోషరహితంగా ఉన్నదని చెక్‌సమ్ సంఖ్యతో సరిపోల్చుకోవాలి. మూడవది, పెన్‌డ్రైవ్ నుండి ‘లైవ్’ పద్ధతిలో నడిపి, యంత్రంలోని శబ్దం, తెర, వైఫై సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి. ఈ దశలో డిస్కుకు మార్పు జరగదు. నాలుగవది, ఉన్న భాగాన్ని కుదించి ఖాళీ చోటు కల్పించాలి. అయిదవది, ఆ ఖాళీ చోటులోనే కొత్త పంపిణీని నెలకొల్పాలి. ‘డిస్కు మొత్తాన్ని తుడిచివేయి’ అనే అంశాన్ని పొరపాటున కూడా ఎన్నుకోరాదు.

ఈ హెచ్చరిక ఎంత విలువైనదో తెలియడానికి ఒక సన్నివేశం ఊహించుకొందాం. అనంతపురం పరిసరాలలోని ఒక పల్లెలో ఒక కుటుంబం. వాన ఆధారపు చేనే జీవనం. అక్క డిగ్రీ చదువుతున్నది, తమ్ముడు ఇంటర్మీడియట్. ఇంట ఉన్నది ఒక్కటే కంప్యూటరు. అదీ ఎవరో వాడి విడిచినది. మూడేళ్లుగా అక్క రాసుకొన్న పాఠ్యాంశాలు, కీర్తిశేషుడైన తాత ఛాయాచిత్రాలు అందులోనే ఉన్నాయి. తమ్ముడు రెండవ పంపిణీ నెలకొల్పుతానన్నాడు.

“ముందు నా రాతలన్నీ వేరేచోట భద్రం చెయ్యి నాయనా. ఆ తరువాత నీ ఇష్టం” అన్నది అక్క.

“ఏమీ కాదులే అక్కా, అరగంట పని” అన్నాడు తమ్ముడు.

అతని చేయి మీటపైకి పోయింది. అంతలో కరెంటు పోయింది. ఇంకా ఏదీ మొదలుకాలేదు గనుక ఏమీ పోలేదు. కాని అక్క ముఖం చూచి తమ్ముడికి సంగతి తెలిసివచ్చింది. అదే కోత మరికొన్ని నిమిషాల తరువాత, డిస్కులోని భాగాన్ని ఒక చోటు నుండి మరొక చోటుకు జరిపే వేళ వచ్చి ఉంటే? భాగం కుడి అంచును కుదించడం త్వరగా ముగియవచ్చు. ఎడమ అంచును జరపడానికి లోపలి సమాచారమంతా మోసుకొనిపోవాలి. ఆ ప్రయాణం మధ్యలో ఆగితే రాతలు అటూ ఇటూ కాక చెడతాయి. బ్యాటరీ నిండిన ల్యాప్‌టాప్‌కు గాని, యూపీఎస్ ఉన్న యంత్రానికి గాని ఈ భయం తక్కువ. మిగిలిన ఇళ్లలో కరెంటు నిలకడగా ఉండే వేళ చూచుకోవాలి. ఆ సాయంత్రం తమ్ముడు మిత్రుని వద్ద పెన్‌డ్రైవ్ తెచ్చి, అక్క రాతలకు, తాత చిత్రాలకు ప్రతులు తీసి, ఒక్కొక్కటి తెరిచి చూపించిన తరువాతనే పనికి పూనుకొన్నాడు.

పొరపాటున పట్టిక చెరిగినంతనే సర్వస్వం నశించినట్లు కాదు. దానిపై కొత్త రాత పడనంతవరకు టెస్ట్‌డిస్క్ వంటి స్వేచ్ఛా పరికరాలు పాత హద్దులను వెదికి పట్టుకోగలవు. గట్టు చెరిగినా సర్వే రాయి మిగిలినట్లు. కనుక ప్రమాదం జరిగిన వెంటనే కంగారుపడి మళ్లీ మళ్లీ స్థాపన ప్రయత్నించరాదు. యంత్రాన్ని ఆపి, తెలిసినవారిని అడగడం మేలు.

ఒక పంపిణీలో రాసిన తెలుగు వ్యాసం మరొకదానిలో తెరుచుకొంటుందా? పూర్వం ఈ సందేహం న్యాయమైనదే. ఒక్కొక్క ఖతి తనదైన సంకేతాలను వాడుకొన్న కాలంలో, ఆ ఖతి లేని యంత్రంలో తెలుగు రాత అర్థంలేని గీతలుగా కనిపించేది. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగు లిపికి 128 స్థానాల ప్రత్యేక విభాగాన్ని కేటాయించింది. నేడు ఆ పద్ధతిలో రాసిన అక్షరం ఏ పంపిణీలోనైనా అదే అక్షరం. ఖతి మారితే రూపం మారుతుంది గాని పలుకు మారదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఖతులు డెబియన్ భాండాగారంలో చోటు చేసుకొన్నాయి. సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో అందించిన ఖతులకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణుల పేర్లు పెట్టారు. రాయల భువనవిజయపు కవులు నేడు కంప్యూటరు తెరపై అక్షరాలై కొలువు తీరారు. 1565 రాక్షసి తంగడి యుద్ధం తరువాత విజయనగర రాజధాని ఈ సీమలోని పెనుకొండకే తరలింది. వేమన సమాధి ఉన్నదని ప్రజలు నమ్మే కటారుపల్లి కూడా ఈ సీమలోనిదే. ఈ రెండు ఊళ్లు 2022 జిల్లాల పునర్విభజనలో శ్రీ సత్యసాయి జిల్లాకు చేరాయి. గట్టు మారినా ఆ కవుల వారసత్వం ఉమ్మడిదే.

పాత యంత్రాలకు లినక్స్ మరికొంత ఆయుష్షును ఇస్తుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో, కొత్త సంచికకు అర్హత లేని యంత్రాలెన్నో నిరాశ్రయమయ్యాయి. తేలికైన లినక్స్ పంపిణీలు వాటిని తిరిగి పనిలో పెట్టగలవు. అయితే ఈ ఔదార్యానికి కూడా మితి ఉన్నది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 సంచిక నుండి 32 బిట్ల పాత యంత్రాలకు స్థాపన ప్రతిని ఇవ్వడం మానివేశారు. కాబట్టి యంత్రం ఏ తరగతికి చెందినదో ముందుగా తెలుసుకోవాలి.

మరొక మాట. రెండు వ్యవస్థలు ఉన్నచోట రెండింటికీ నవీకరణలు చేయాలి. రెండింటి భద్రత చూడాలి. నెలకొక పంపిణీ మార్చుతూ, పట్టికలు దిద్దుతూ చదువు మరచిన విద్యార్థి నాగలికి రంగులు వేస్తూ అదను తప్పిన రైతు వంటివాడు. స్థాపన సాధనమే గాని గమ్యం కాదు. రెండు చాలినచోట మూడవది అనవసరం.

పూర్వం వేసవిలో ఊరివారందరూ కలిసి చెరువు పూడిక తీసేవారు, కాలువలు బాగుచేసేవారు. దానిని కుడిమరామత్తు అనేవారు. నీరు వాడుకొనేవాడు చెరువును కాపాడాలన్నదే దాని నీతి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కూడా అట్టి ఉమ్మడి చెరువే. లోకంలోని వేలాదిమంది దాని పూడిక తీస్తున్నారు. దోషం కనిపెట్టి తెలియజేయడం, ఒక పదాన్ని సరైన తెలుగులోకి మార్చి ఇవ్వడం, పక్కవానికి స్థాపనలో చేయి అందించడం – ఇవన్నీ తట్టెడు మట్టి ఎత్తడమే. ఆ మట్టి ఎత్తని ఊరికి చెరువు నిలువదని అనంతపురం సీమకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అర్థాలు

ఆయకట్టు : చెరువు కింద సాగయ్యే భూమి
తూము : చెరువు నీరు బయటకు పారే ద్వారం
నీరుగంటి : చెరువు నీటిని వంతుల ప్రకారం పంచే గ్రామసేవకుడు
సాలు : నాగలి గీసిన చాలు, పైరు వరుస
ఖతి : అక్షరాల ఆకృతి సముదాయం, ఫాంటు
అప్రమేయంగా : ఎవరూ మార్చనప్పుడు తనంతట తానుగా ఉండే అమరికలో
భాండాగారం : వస్తువులు భద్రపరచే చోటు
పూడిక : చెరువు అడుగున చేరిన ఒండ్రుమట్టి

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఒకే యంత్రంలో రెండు పంపిణీలను నెలకొల్పే క్రమాన్ని, పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.
2. బూట్ లోడర్‌ను నీరుగంటితో పోల్చడంలోని ఔచిత్యాన్ని సమర్థించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. అంతర పంట ఉపమానం ఎంతవరకు సరిపోతుంది? ఎక్కడ సరిపోదు?
2. హోమ్ విభాగాన్ని ఉమ్మడిగా ఉంచరాదని చెప్పడానికి కారణమేమి?
3. తెలుగు రాతకు యూనికోడ్ వల్ల కలిగిన మేలును తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. లినక్స్ కెర్నెల్‌ను ఎవరు, ఎప్పుడు ప్రకటించారు?
2. ఎంబీఆర్ పట్టికలో ఎన్ని ప్రధాన భాగాలకు చోటు ఉన్నది?
3. కుడిమరామత్తు అంటే ఏమి?